ఇంట్లోనే స్కూటర్, బైక్‌ని సేఫ్‌గా పైకి లేపడం ఎలా? సెంటర్ స్టాండ్ నుంచి ప్యాడాక్ స్టాండ్ వరకు ఫుల్ గైడ్

ఫోన్లు, ఇయర్‌బడ్స్, స్మార్ట్‌వాచ్‌ల గురించి ఇక్కడ చాలా మాట్లాడుకున్నాం. ఈసారి మన ఇంటి కింద పార్కింగ్‌లో ఉండే అసలైన మెషీన్ గురించి మాట్లాడుకుందాం. అదే మన బండి.

లాక్‌డౌన్ టైమ్ నుంచి చాలామంది సొంతంగా చైన్ క్లీన్ చేసుకోవడం, ఆయిల్ మార్చుకోవడం, బ్రేక్ షూలు వేసుకోవడం మొదలుపెట్టారు. యూట్యూబ్‌లో వీడియోలకు కొదవ లేదు. కానీ ఆ వీడియోల్లో బండి ఎప్పుడూ లిఫ్ట్ మీద రెడీగా నిలబడి ఉంటుంది. దాన్ని అక్కడికి ఎలా ఎక్కించారో, కింద ఏం పెట్టారో చాలా వీడియోల్లో చూపించరు. నాకు దెబ్బ తగిలింది సరిగ్గా అక్కడే.

రెండేళ్ల కిందటి సంగతి. మా నాన్నది 110 సీసీ స్కూటర్. రోజూ తెల్లవారుజామున 5 గంటలకు దాని మీదే షాప్‌కి వెళ్తారు. ముందు బ్రేక్ సరిగ్గా పడట్లేదన్నారు. "మెకానిక్ ఎందుకు నాన్నా, నేను చేస్తాగా" అని బయలుదేరాను. బండిని సెంటర్ స్టాండ్ వేసి, ముందు భాగం కింద మూడు ఇటుకలు పేర్చి, ముందు చక్రాన్ని గాల్లోకి లేపాను. మా తమ్ముడు పక్కన కూర్చుని ఫోన్ టార్చ్ పట్టుకున్నాడు. యాక్సిల్ నట్ కదల్లేదు. పానాకి ఒక ఇనుప పైపు తొడిగి కాలితో తొక్కాను. నట్ కదల్లేదు కానీ ఇటుక పగిలింది. ముందు భాగం దబ్బున పడింది, బండి అంగుళాలు ముందుకు జరిగింది, సెంటర్ స్టాండ్ మడుచుకుపోయింది. బండి ఎడమవైపు ఒరిగి పడింది.

తమ్ముడి పాదానికి, హ్యాండిల్ పడిన చోటికి మధ్య జానెడు దూరం కూడా లేదు. వాడి ఫోన్ మాత్రం హ్యాండిల్ కింద పడి రెండు ముక్కలైంది. బ్రేక్ లివర్ విరిగింది. మర్నాడు, ఆ మర్నాడు నాన్న ఆటోలో షాప్‌కి వెళ్లారు. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అదే ఇంకా బాధ అనిపించింది.

ఆ తర్వాత కూర్చుని అసలు తప్పు ఎక్కడ జరిగిందో లెక్కలు వేసి మరీ నేర్చుకున్నాను. ఆ నేర్చుకున్నదే ఈ ఆర్టికల్. కొంచెం పెద్దదే, కానీ మొత్తం చదివాకే పానా పట్టుకోండి ప్లీజ్.

అసలు బండిని ఎందుకు లేపాలి?

అన్ని పనులకూ అక్కర్లేదు. స్పార్క్ ప్లగ్, ఎయిర్ ఫిల్టర్, బ్యాటరీ, బల్బులు లాంటి వాటికి బండి నేల మీద స్థిరంగా ఉంటే చాలు. లేపాల్సిన పనులు మూడు రకాలు.

1. చక్రం తిరగాల్సిన పనులు: చైన్ క్లీనింగ్, చైన్ టెన్షన్ చూడటం, చక్రం వంకర ఉందేమో చూడటం, బేరింగ్ శబ్దం వినడం.

2. చక్రం ఊడదీయాల్సిన పనులు: టైర్ మార్చడం, డ్రమ్ బ్రేక్ షూలు వేయడం.

3. బండి నిటారుగా నిలబడాల్సిన పనులు: ఆయిల్ లెవెల్ చూడటం, ఆయిల్ దించడం.

మొదటి, మూడో రకం పనులకు సెంటర్ స్టాండ్ ఉంటే ఇంకేమీ కొనక్కర్లేదు. రెండో రకం దగ్గరే అసలు రిస్క్ ఉంది. ఎందుకంటే చక్రం తీసేశాక బండి బరువు పంపకం మారిపోతుంది. మనం నట్ మీద బలం వేసేది కూడా అప్పుడే.

ముందు మీ బండిని తూచండి

ఇది గ్యాడ్జెట్ ప్రియులకు బాగా నచ్చే పార్ట్. ఇంట్లో మనుషులు బరువు చూసుకునే డిజిటల్ మెషీన్ ఒకటి చాలు. ముందు చక్రం మెషీన్ మీద, వెనక చక్రం అదే మందం ఉన్న చెక్క మీద పెట్టి, ఒకరు బండిని నిటారుగా వేళ్లతో పట్టుకోవాలి. మెషీన్ ఎంత బరువు వరకు తూస్తుందో ముందే చూసుకోండి. తర్వాత రెండూ తారుమారు చేసి మళ్లీ తూచండి.

మా స్కూటర్‌కి వచ్చిన లెక్క ఇది: ముందు చక్రం మీద 43 కిలోలు, వెనక చక్రం మీద 66 కిలోలు. మొత్తం 109 కిలోలు. స్కూటర్లలో ఇంజిన్ వెనక చక్రం పక్కనే ఉంటుంది కాబట్టి వెనక బరువు ఎక్కువ ఉండటం సహజం.

ఇప్పుడు రెండు యాక్సిల్స్ మధ్య దూరం కొలిచాను. 126 సెంటీమీటర్లు. దీన్నిబట్టి బండి బరువు కేంద్రం ఎక్కడుందో తెలుస్తుంది. 126ని 43తో గుణించి 109తో భాగిస్తే దాదాపు 50. అంటే వెనక యాక్సిల్ నుంచి 50 సెంటీమీటర్లు ముందుకు బరువు కేంద్రం ఉంది. సెంటర్ స్టాండ్ కాళ్లు నేలకు ఆనేది వెనక యాక్సిల్ నుంచి 40 సెంటీమీటర్ల దగ్గర. అంటే బరువు కేంద్రం స్టాండ్‌కి 10 సెంటీమీటర్లు ముందుంది.

దీని అర్థం ఏంటంటే, సెంటర్ స్టాండ్ వేశాక బండి ముందుకే వాలి ఉంటుంది. అందుకే వెనక చక్రం గాల్లో, ముందు చక్రం నేల మీద. ఇక్కడిదాకా అందరికీ తెలిసిందే. తెలియనిది ఏంటంటే, అప్పుడు ముందు చక్రం మీద మిగిలే బరువు ఎంత? 109ని 10తో గుణించి, స్టాండ్ నుంచి ముందు యాక్సిల్ దాకా ఉన్న 86తో భాగిస్తే సుమారు 13 కిలోలు. అంతే! 109 కిలోల బండిలో ముందు చక్రాన్ని నేలకు పట్టి ఉంచేది 13 కిలోలే. మిగతాదంతా స్టాండ్ రెండు కాళ్ల మీదే.

వెనక గ్రాబ్ రైల్ స్టాండ్ నుంచి 65 సెంటీమీటర్ల వెనక ఉంది. అక్కడ 17 కిలోల బలంతో నొక్కితే చాలు, ముందు చక్రం లేచిపోతుంది. చిన్నపిల్లాడు వెనక సీటు చివర ఎక్కి కూర్చున్నా ముందు భాగం లేచేది ఇందుకే. పెద్దాయన ఎవరైనా స్టాండ్ మీద ఉన్న బండి ఎక్కొద్దని అరిస్తే విసుక్కోకండి. ఫిజిక్స్ ఆయన వైపే ఉంది.

మీ బండికి అంకెలు వేరుగా వస్తాయి. కానీ ఒక్కసారి తూచి చూస్తే మీ బండి ఎటు వాలుతుందో చేతికి తెలిసిపోతుంది.

చోటు సెలెక్ట్ చేసుకోవడం: ఫోన్‌ని స్పిరిట్ లెవెల్‌లా వాడండి

అపార్ట్‌మెంట్ సెల్లార్ చూడటానికి చదునుగా కనిపిస్తుంది. కానీ నీళ్లు పోవడానికి చిన్న వాలు ఇచ్చి కడతారు. ఇంటి ముందు ర్యాంప్ సంగతి చెప్పక్కర్లేదు.

మీ ఫోన్‌లో యాక్సెలరోమీటర్ ఉంది. ఐఫోన్‌లో అయితే మెజర్ యాప్‌లోనే లెవెల్ ఉంటుంది, ఆండ్రాయిడ్‌లో బబుల్ లెవెల్ యాప్స్ చాలా ఉన్నాయి. ఒక జాగ్రత్త: ఇప్పటి ఫోన్లలో కెమెరా బంప్ లావుగా ఉంటుంది. నేరుగా నేల మీద పెడితే ఫోనే వాలి తప్పు రీడింగ్ చూపిస్తుంది. ఒక మీటర్ పొడవున్న అల్యూమినియం పట్టీ లేదా తిన్నటి చెక్క నేల మీద పెట్టి, ఫోన్ పక్క అంచుని దాని మీద ఆనించండి. ఒకసారి రీడింగ్ చూసి, ఫోన్‌ని అటుఇటు తిప్పి మళ్లీ చూడండి. రెండు సార్లూ ఒకేలా వస్తే రీడింగ్ కరెక్ట్.

1 డిగ్రీ వాలు అంటే చిన్నదే అనిపిస్తుంది. 126 సెంటీమీటర్ల పొడవు మీద అది 2.2 సెంటీమీటర్ల ఎత్తు తేడా. నేను 1 డిగ్రీ దాటితే ఆ చోటు వద్దనుకుంటాను. తప్పదంటే బండి ముఖం ఎత్తు వైపు ఉండేలా నిలబెడతాను. ఎందుకంటే బండి ముందుకు జరిగితేనే సెంటర్ స్టాండ్ మడుచుకుంటుంది. మనం స్టాండ్ దించేది అలాగే కదా!

నేల రకం కూడా చూడాలి.

సిమెంట్ ఫ్లోర్: బెస్ట్.

నున్నటి టైల్స్: స్టాండ్ జారుతుంది. ఆయిల్ చుక్క పడితే ఇంకా జారుతుంది. పాత రబ్బర్ మ్యాట్ వేయండి.

మట్టి నేల: స్టాండ్ ఒక కాలు దిగబడుతుంది. కనీసం అంగుళం మందం చెక్క పలక రెండు కాళ్ల కిందా కలిపి ఒకటే వేయండి. రెండు వేర్వేరు ముక్కలు వద్దు.

తారు రోడ్డు: మన ఎండాకాలంలో మధ్యాహ్నం తారు మెత్తబడుతుంది. సైడ్ స్టాండ్ గుచ్చుకుని బండ్లు పడిపోవడం చూసే ఉంటారు.

ఏ పద్ధతి ఎవరికి?

సెంటర్ స్టాండ్. చాలా స్కూటర్లకు, కమ్యూటర్ బైకులకు కంపెనీయే ఇస్తుంది. ఫ్రీ. వెనక చక్రం పనులన్నిటికీ సరిపోతుంది. ముందు చక్రానికి ఇదొక్కటే చాలదు.

ప్యాడాక్ స్టాండ్. స్పోర్ట్స్, స్ట్రీట్ బైకుల్లో చాలావాటికి సెంటర్ స్టాండ్ ఉండదు. వాటికి ఇది సరైన ఆప్షన్. వెనక స్వింగ్ ఆర్మ్‌ని పట్టుకుని లేపుతుంది. ఇందులో రెండు రకాలు: రబ్బర్ ప్యాడ్ మీద ఆర్మ్‌ని మోసేది, స్పూల్‌ని పట్టుకునేది. స్పూల్ అంటే స్వింగ్ ఆర్మ్‌కి బిగించే చిన్న గుండ్రటి బోల్ట్. మీ బైక్ ఆర్మ్‌కి దానికోసం మర ఉందా, ఉంటే ఎం6, ఎం8, ఎం10లలో ఏ సైజో చూసి కొనండి. స్పూల్ రకమే గట్టిగా పట్టుకుంటుంది.

సీజర్ జాక్. చిన్న ప్లాట్‌ఫామ్ ఉండే బైక్ సీజర్ జాక్ ముందు చక్రం పనులకు పనికొస్తుంది. కారు డిక్కీలో ఉండే జాక్‌తో పని అయిపోతుందని చాలామంది అనుకుంటారు. దాని తల ఇరుకుగా, కారు బాడీ అంచుకి సరిపోయేలా ఉంటుంది. బైక్ గుండ్రటి పైపు దాని మీద దొర్లుతుంది. వాడకండి.

ఇటుకలు, రాళ్లు, పెయింట్ డబ్బాలు. నా కథ విన్నారు కదా. ఇటుక మీద బరువు సమంగా పడితే మోస్తుంది, గోడలో చేసే పని అదే. ఒక అంచు మీద పడితే, పైగా కుదుపు వస్తే, ముందు ఏ హెచ్చరికా లేకుండా పగులుతుంది. చెక్క అలా కాదు. ముందు నలుగుతుంది, కిర్రుమంటుంది, మనకు టైమ్ ఇస్తుంది. అందుకే ఏదైనా కింద పెట్టాలంటే గట్టి చెక్క దిమ్మలే.

సెంటర్ స్టాండ్: బలం కాదు, కాలు

స్కూటర్‌ని సెంటర్ స్టాండ్ వేయడం రాక నడుం పట్టేసినవాళ్లు చాలామంది ఉన్నారు. తప్పు ఒకటే: చేతులతో లేపబోవడం.

1. బండికి ఎడమవైపు నిలబడండి. ఎడమ చెయ్యి హ్యాండిల్ మీద, కుడి చెయ్యి గ్రాబ్ రైల్ మీద. హ్యాండిల్ తిన్నగా ఉంచండి.

2. కుడికాలితో స్టాండ్ పెడల్‌ని నెమ్మదిగా కిందికి దించండి. బండిని కొంచెం అటుఇటు ఊపితే స్టాండ్ రెండు కాళ్లూ నేలకు టకటకమని తగలడం తెలుస్తుంది. రెండు కాళ్లూ తగిలేదాకా ముందుకు వెళ్లొద్దు. బండి పక్కకి పడిపోయేది ఎక్కువగా ఇక్కడే.

3. ఇప్పుడు మీ ఒంటి బరువంతా కుడికాలి మీద వేసి పెడల్ మీద నిలబడండి. చేతులు లేపడానికి కాదు, బండి వెనక్కి వెళ్లే దారి చూపించడానికి. బండి వెనక్కి, పైకి ఒకేసారి వస్తుంది.

60 కిలోల మనిషి కూడా ఇలా 100 కిలోలు దాటిన బండిని సులువుగా లేపగలడు. పెడల్ ఒక మీట లాంటిది. చెప్పులతో చేయకండి, బూట్లు వేసుకోండి.

స్టాండ్ వేశాక ముందు బ్రేక్ లివర్‌ని ఒక గట్టి రబ్బర్ బ్యాండ్‌తోనో, వెల్క్రో స్ట్రాప్‌తోనో గ్రిప్‌కి కట్టేయండి. ముందు చక్రం లాక్ అయితే బండి ముందుకు జరగదు, స్టాండ్ మడుచుకోదు. కొన్ని స్కూటర్లకు వెనక బ్రేక్ లాక్ క్లిప్ ఉంటుంది. వెనక చక్రం గాల్లో ఉన్నప్పుడు అది వేసినా ఏం లాభం లేదు.

ఇక్కడ చాలా ముఖ్యమైన విషయం: గేర్‌లెస్ స్కూటర్‌ని స్టాండ్ మీద స్టార్ట్ చేసి యాక్సిలరేటర్ ఇస్తే వెనక చక్రం ఫుల్ స్పీడ్‌లో తిరుగుతుంది. ఆ టైమ్‌లో ఎవరైనా బండిని ముందుకు తోస్తే చక్రం నేలను పట్టుకుని బండి దూసుకుపోతుంది. ఎలక్ట్రిక్ స్కూటర్ అయితే ఇంజిన్ శబ్దం కూడా ఉండదు, ఆన్‌లో ఉందో లేదో తెలియదు. పని మొదలుపెట్టే ముందే ఆఫ్ చేసి, తాళం మీ జేబులో పెట్టుకోండి.

బైకులకు చైన్ క్లీన్ చేసేటప్పుడు కూడా ఇంతే. ఇంజిన్ ఆన్ చేసి, గేర్ వేసి, తిరిగే చైన్‌కి గుడ్డ పెట్టే వీడియోలు చూసి అలా చేయకండి. గుడ్డ స్ప్రాకెట్‌లోకి లాక్కుంటే వెనకే వేళ్లూ వెళ్తాయి. ఇంజిన్ ఆఫ్, న్యూట్రల్, చక్రం చేత్తో తిప్పడం. నిదానమే ప్రధానం.

ముందు చక్రం లేపడం: మూడు కాళ్ల లెక్క

స్కూటర్ ముందు చక్రం తీయాలంటే నేను ఇప్పుడు చేసే పద్ధతి ఇది.

ముందుగా, బండి నేల మీద ఉండగానే యాక్సిల్ నట్ లూజ్ చేస్తాను. పూర్తిగా తీయను, పావు చుట్టు కదిలిస్తే చాలు. నేను ఆరోజు చేయని పని ఇదే. పైపు తొడిగి 30 కిలోల బలంతో తొక్కాను. ముందు లెక్క గుర్తుందా? స్టాండ్ మీదున్న బండిని కదిలించడానికి 17 కిలోలు చాలు. అలాంటిది 30 కిలోలు, పైగా కుదుపుతో. బండి పడకపోతేనే ఆశ్చర్యం. వెనక చక్రానికీ ఇదే రూల్. నేల మీద, వెనక బ్రేక్ పట్టుకుని, ముందే లూజ్ చేయాలి. సైలెన్సర్ అడ్డం ఉన్న మోడల్స్‌లో ముందు సైలెన్సర్ తీయాల్సి వస్తుంది.

తర్వాత సెంటర్ స్టాండ్ వేసి, స్టాండ్ కాళ్ల దగ్గర నుంచి ముందున్న ఫ్రేమ్ పైపు దాకా ఒక రాట్చెట్ స్ట్రాప్ లాగి కడతాను. ఇక స్టాండ్ వెనక్కి మడుచుకునే ఛాన్సే లేదు. స్ట్రాప్ లేకపోతే గట్టి నైలాన్ తాడు వాడొచ్చు.

ఇప్పుడు జాక్. ఫ్లోర్‌బోర్డ్ కింద ఉన్న ఇనుప ఫ్రేమ్ పైపుకి ఆనాలి. ప్లాస్టిక్ కవర్‌కి కాదు, ఆయిల్ డ్రెయిన్ బోల్ట్‌కి కాదు, సైలెన్సర్ పైపుకి అస్సలు కాదు. జాక్ తల మీద చిన్న చెక్క ముక్క, దాని మీద రబ్బర్ షీట్. ఎలక్ట్రిక్ స్కూటర్ ఉన్నవాళ్లు ఇంకా జాగ్రత్త. చాలా మోడల్స్‌లో బ్యాటరీ ఫ్లోర్‌బోర్డ్ కిందే ఉంటుంది. బ్యాటరీ కేసింగ్ మీద జాక్ పెట్టడం అంటే నిప్పుతో చెలగాటమే. మాన్యువల్‌లో లిఫ్టింగ్ పాయింట్ దొరకకపోతే ఆ పని సర్వీస్ సెంటర్‌కి వదిలేయండి.

జాక్‌ని ఎంత లేపాలి? ఇక్కడ ఒక మెలిక ఉంది. ముందు భాగం లేస్తుంటే బండి స్టాండ్ మీద సీసాలా ఊగి వెనక చక్రం కిందికి దిగుతుంది. మా స్కూటర్‌కి వెనక చక్రం, నేల మధ్య గ్యాప్ 2 సెంటీమీటర్లు. దూరాల లెక్క ప్రకారం వెనక 2 దిగేసరికి ముందు దాదాపు 4 సెంటీమీటర్లు లేస్తుంది. వెనక చక్రం నేలను తాకాక కూడా జాక్ తిప్పుతూ పోతే, ఈసారి లేచేది సెంటర్ స్టాండ్ కాళ్లు! అప్పుడు బండి రెండు చక్రాల వెడల్పు లేని ఆధారం మీద, ఒక జాక్ మీద నిలబడి ఉంటుంది. పక్కకి పడటానికి గాలి చాలు. కాబట్టి వెనక చక్రం నేలను తాకీతాకగానే ఆపేయండి. ఇంకా ఎత్తు కావాలంటే సెంటర్ స్టాండ్ కింద ముందే ఒకే పలక వేసుకుని మొదలుపెట్టాలి.

చివరగా, జాక్ పక్కనే ఫ్రేమ్ కింద చెక్క దిమ్మలు పేర్చి, పైన ఒక సెంటీమీటర్ గ్యాప్ వదులుతాను. జాక్ జారితే బండి ఒక సెంటీమీటరే పడుతుంది. ఫోన్‌కి బ్యాకప్ పెట్టుకుంటాం కదా, ఇదీ అంతే.

సెంటర్ స్టాండ్ లేని బైక్: ఒక్కరే చేయాలంటే

ప్యాడాక్ స్టాండ్‌తో కష్టం ఏంటంటే, వెనక నుంచి స్టాండ్ తగిలించేటప్పుడు బైక్‌ని నిటారుగా పట్టుకోవడానికి ఇంకొకరు కావాలి. మొదటి పది సార్లు తప్పకుండా ఎవరినైనా పిలవండి. వాళ్లు బైక్‌కి ఎడమవైపు నిలబడి ముందు బ్రేక్ పట్టుకోకుండా, బండిని నిటారుగా మాత్రమే పట్టుకోవాలి. ఎందుకంటే స్టాండ్ నొక్కేటప్పుడు బైక్ కొంచెం వెనక్కి జరగాలి. న్యూట్రల్‌లో ఉంచండి.

ఒక్కరే చేయాల్సి వస్తే చిన్న ట్రిక్: సైడ్ స్టాండ్ కింద 2 సెంటీమీటర్ల చెక్క ముక్క పెడితే బైక్ దాదాపు నిటారుగా నిలుస్తుంది, కానీ ఇంకా ఎడమవైపే వాలి ఉంటుంది. అప్పుడు రెండు స్పూల్స్‌కీ స్టాండ్ కొక్కేలు తగిలాయని వంగి కళ్లతో చూసుకోండి. ఒక చేత్తో వెనక సీటు దగ్గర బైక్‌ని పట్టుకుని, ఇంకో చేత్తో స్టాండ్ హ్యాండిల్‌ని ఒకే ఊపులో కిందికి నొక్కాలి. సగంలో ఆగకూడదు.

రెండు చక్రాలూ లేపాలంటే వరస ముఖ్యం. ఎక్కించేటప్పుడు ముందు వెనక స్టాండ్, ఆ తర్వాత ముందు స్టాండ్. దించేటప్పుడు ముందు స్టాండ్ తీసి, ఆ తర్వాత వెనక స్టాండ్. వెనక స్టాండ్ ఒక్కటే బైక్‌ని పక్కకి పడకుండా ఆపగలదు. ముందు స్టాండ్‌కి ఒంటరిగా ఆ సత్తా లేదు.

క్లాసిక్ 350 లాంటి బైక్ 195 కిలోల దాకా ఉంటుంది. దానికి సెంటర్ స్టాండ్ ఉంది కాబట్టి వెనక పనులకు ఇబ్బంది లేదు. కానీ జాక్ కొనేటప్పుడు దాని కెపాసిటీ బండి మొత్తం బరువు కన్నా ఎక్కువ ఉండాలి, సగం బరువే కదా మోసేది అని లెక్క వేయకండి. ఇంజిన్ కింద సైలెన్సర్ పైపు వెళ్లే బైకులకు కింద నుంచి జాక్ పెట్టే చోటే ఉండదు. వాటికి ముందు ప్యాడాక్ స్టాండే దారి.

చక్రం తీసే ముందు కుదుపు పరీక్ష

బండి లేచింది. వెంటనే పానా అందుకోకండి. 10 సెకన్లు ఆగి ఇది చేయండి.

ముందు నుంచి, వెనక నుంచి, రెండు పక్కల నుంచి అరచేత్తో బండిని తోయండి. మొదట మెల్లగా, తర్వాత మీరు పనిలో వేసే బలమంత. ఏదైనా కదిలినా, కిర్రుమన్నా, జాక్ వాలినా దించేసి మళ్లీ మొదలుపెట్టండి. పడేదేదో ఇప్పుడే పడాలి, మీ చెయ్యి చక్రంలో ఉన్నప్పుడు కాదు.

అలాగే ఊడదీసే ప్రతి స్టెప్‌కీ ఫోన్‌లో ఫొటో తీయండి. స్పేసర్ ఏ వైపు ఉంది, వాషర్ వరస ఏంటి, స్పీడోమీటర్ కేబుల్ ఎటు వెళ్లింది అనేవి అరగంటలో మర్చిపోతాం. ఏబీఎస్ ఉన్న బండి అయితే చక్రం దగ్గర సెన్సర్ వైర్ ఉంటుంది, అది లాగుడు పడకుండా చూడండి. డిస్క్ బ్రేక్ క్యాలిపర్ బయటికి తీశాక బ్రేక్ లివర్ నొక్కొద్దు. పిస్టన్ బయటికి వచ్చేస్తే డిస్క్ మళ్లీ లోపలికి దూరదు.

చక్రం తీసి పెట్టి టీ తాగడానికి వెళ్లకండి. చక్రం లేని బండి పక్కన పిల్లలు, కుక్కలు తిరిగే సెల్లార్‌లో ఎవరూ లేకుండా వదిలేయడం కన్నా పెద్ద తప్పు లేదు.

బండి పడిపోతుంటే?

వదిలేయండి. సీరియస్‌గా చెప్తున్నా. 109 కిలోలు ఒరగడం మొదలయ్యాక మనిషి ఆపలేడు. పట్టుకోబోతే మణికట్టో, నడుమో పోతుంది. ఒక అడుగు వెనక్కి వేయండి. లివర్, అద్దం, ఇండికేటర్ కొత్తవి దొరుకుతాయి. అందుకే పనిచేసేటప్పుడు మీ వెనక గోడ గానీ, ఇంకో బండి గానీ ఉండకూడదు. కనీసం ఒక అడుగు ఖాళీ ఉంచుకోండి. టార్చ్ పట్టుకునేవాళ్లు బండి పడే వైపు కాకుండా ముందు వైపు నిలబడాలి. ఇంకా మంచిది, టార్చ్‌ని తలకి పెట్టుకునేది కొనడం.

ఒక్క చూపులో చెక్‌లిస్ట్

తాళం తీసి జేబులో ఉందా?
నేల చదునుగా, గట్టిగా ఉందా?
నట్ నేల మీదే లూజ్ చేశారా?
ముందు బ్రేక్ లేదా స్టాండ్ కట్టేశారా?
జాక్ ఫ్రేమ్‌కే ఆనిందా?
కింద చెక్క దిమ్మలు బ్యాకప్‌గా ఉన్నాయా?
కుదుపు పరీక్ష అయిందా?
వెనక్కి తప్పుకునే చోటు ఉందా?

ఎనిమిదికీ అవును అంటేనే పని మొదలు. ఒక్కటి కాదన్నా ఆరోజుకి మెకానిక్ అన్నకి ఫోన్ చేయండి. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. పని పూర్తయ్యాక బండి దించి, మాన్యువల్‌లో చెప్పిన టార్క్‌కి నట్ బిగించి, బ్రేక్ రెండు మూడు సార్లు నొక్కి చూసి, వీధి చివరిదాకా నెమ్మదిగా నడిపి వచ్చాకే ఇంట్లోవాళ్ల చేతికి తాళం ఇవ్వండి.

పోయిన నెల మళ్లీ అదే స్కూటర్‌కి ముందు బ్రేక్ షూలు మార్చాల్సి వచ్చింది. నేను సెల్లార్‌లో పలక వేస్తుంటే నాన్న కిందికి వచ్చారు. ఆపుతారేమో అనుకున్నాను. ఆయన ఏమీ అనకుండా స్కూటర్ చుట్టూ ఒకసారి తిరిగి, నాలుగు వైపుల నుంచీ అరచేత్తో తోసి చూశారు. బండి కదల్లేదు. "పొద్దున 5కి కావాలి రా" అని చెప్పి పైకి వెళ్లిపోయారు.

4:45కి బండి గేటు దగ్గర రెడీగా ఉంది.